బెంచీ బరువు మీద నిలబడే ప్రదర్శన: ఖాళీ జాగాలో ఎలా కట్టాలి

ఫ్లైఓవరు కింద మిగిలిపోయిన చోటు, రెండు కాలిబాటలు కలిసే మూల, మూతపడిన పెట్రోలు బంకు ముంగిలి. ఇలాంటి జాగాల్లో ప్రదర్శన పెట్టేవాళ్లు సాధారణంగా ముందు బొమ్మలు ఎంచుకుంటారు, తర్వాత వాటికి స్టాండ్లు చేయిస్తారు, డబ్బు మిగిలితే చివర్లో రెండు బెంచీలు వేస్తారు. మీరు ఈ వరుసను తిరగేయండి. దారిన పోయే మనిషి ప్రదర్శన కోసం ఆగడం అరుదు. కూర్చోవడానికి చోటు దొరికితే ఆగుతాడు, ఆగాక చూస్తాడు. పైగా బయట నిలబెట్టే ఏ పలకకైనా గాలికి పడిపోకుండా అడుగున బరువు ఉండాలి. ఆ బరువును బెంచీలోనే పెడితే కూర్చోవడానికి చోటూ దొరుకుతుంది, పలకా నిలబడుతుంది.

ఇక్కడ చెప్పేది అలాంటి ఒక యూనిట్ గురించి. 2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల ఎత్తు ఉన్న ఒక పలక, దాని రెండు వైపులా నాలుగు బెంచీలు. నేలలో ఒక్క గుంత కూడా తవ్వనక్కర్లేదు. కోతలూ పెట్టెలూ ముందే సిద్ధంగా ఉంటే ముగ్గురు మనుషులు ఒక పూటలో నిలబెట్టగలరు. ఒక యూనిట్ కుదిరాక అలాంటివే మూడో నాలుగో చేసుకోవచ్చు.

మొదట జాగాను గమనించండి

కాగితం మీద గీయడానికి ముందు ఆ జాగాలో కూర్చోండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కో గంట చొప్పున, ఒక పనిరోజూ ఒక సెలవురోజూ చూస్తే కనీస సమాచారం దొరుకుతుంది. జాగా పటం మీద కదిలేవాళ్లకు బాణం గీత, ఆగినవాళ్లకు చుక్క, కూర్చున్నవాళ్లకు గుండ్రం గుర్తు పెట్టండి. ప్రతి అరగంటకూ అయిదు నిమిషాలు లెక్కిస్తే చాలు. నీడ అంచు ఎక్కడికి జరిగిందో కూడా ప్రతిసారీ గీయండి. చుక్కలు చాలావరకు నీడ అంచు వెంట, గోడల పక్కన, స్తంభాల చుట్టూ చేరతాయి. ఖాళీ మధ్యభాగంలో చాలా తక్కువ.

1970లలో నగర జీవనాన్ని పరిశీలించిన విలియం వైట్ బృందం న్యూయార్క్ ప్లాజాలను (భవనాల ముందు జనం కోసం వదిలిన ఖాళీ జాగాలను) కెమెరాలతో గమనించినప్పుడు, ఒక ప్లాజా నిండుగా ఉండటానికీ వెలవెలబోవడానికీ తేడా ప్రధానంగా కూర్చునే చోటు దగ్గరే తేలింది. ఆ పని ఆధారంగా 1975లో ఆ నగరం నిబంధన మార్చి, ప్లాజాలో ప్రతి 30 చదరపు అడుగులకు ఒక అడుగు పొడవు కూర్చునే అంచు ఉండాలంది. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల జాగాకు సుమారు 11 మీటర్ల బెంచీ కావాలి. మన యూనిట్ ఒక్కోటి 4.8 మీటర్లు ఇస్తుంది. అంటే రెండు యూనిట్లు, వాటికి తోడు నాలుగైదు విడి కుర్చీలు. విడి కుర్చీలను తక్కువగా చూడకండి. మనిషి కూర్చునే ముందు కుర్చీని కాస్త జరుపుకుంటాడు, ఆ జరుపుకోవడంతో ఆ చోటు అతనిదవుతుంది.

జాగా ఖాళీగా కనిపించినంత మాత్రాన ఎవరిదీ కాదనుకోకూడదు. అక్కడ పడుకునేవాళ్లు, ఆడుకునేవాళ్లు, బండి పెట్టుకుని అమ్ముకునేవాళ్లు ఉంటే వాళ్లే ఆ చోటుకు మొదటి వినియోగదారులు. బొమ్మ గీయకముందే వాళ్లతో మాట్లాడండి. మీ ప్రదర్శన వల్ల ఒక బండి పక్కకు పోవాల్సి వస్తే జరగాల్సింది మీ డిజైన్, బండి కాదు.

బాణం గీతలు దట్టంగా పడిన దారికి అడ్డంగా పలక పెట్టకండి. దారికి సమాంతరంగా గానీ, 30 డిగ్రీల వాలులో గానీ పెడితే నడుస్తూ వచ్చేవాళ్లకు ముందే కనిపిస్తుంది, దారీ మిగులుతుంది. యూనిట్ల మధ్య 1.8 మీటర్లు వదిలితే రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా దాటగలవు. ఒకటి తిరగడానికి 1.5 మీటర్ల వృత్తం కావాలి.

అనుమతి పని ఇక్కడే మొదలుపెట్టండి: జాగా యజమాని, ట్రాఫిక్, అగ్నిమాపకం. ఫైరింజన్ దారిని పటంలో ముందే చూపిస్తే సగం ప్రశ్నలు తగ్గుతాయి.

అట్టపెట్టెలతో ఒకసారి

స్థలం మీద సుద్దతో అసలు కొలతల్లో గీసి, బెంచీల చోట అట్టపెట్టెలు, పలక చోట రెండు కర్రల మధ్య కట్టిన గుడ్డ పెట్టి ఒక సాయంత్రం వదిలేయండి. తెరపై ఎంత చక్కగా కనిపించిన ప్లానైనా ఇక్కడ ఒకట్రెండు చోట్ల మారుతుంది. జనం గుడ్డను చుట్టి వెళ్తున్నారా, విసుగ్గా ఆగి వెనక్కి తిరుగుతున్నారా చూడండి. అరమీటరు జరపడానికి ఇప్పుడు ఖర్చేమీ లేదు.

జాగా మీద ఇప్పటికే పైకప్పు ఉంటే దాన్ని వాడుకోండి. 2010లో లండన్‌లో అసెంబుల్ అనే డిజైన్ బృందం మూతపడిన పెట్రోలు బంకును సినిమా హాలుగా మార్చినప్పుడు కొత్తగా కప్పు వేయలేదు. ఉన్న కప్పు చుట్టూ పరదా వేలాడదీసి, లోపల పరంజా చెక్కలతో సీట్లు చేసింది. కొత్త కప్పు వేస్తే గాలి దాన్ని పైకి లేపుతుంది. ఆ లెక్క పలక లెక్కకంటే చాలా కష్టం, స్ట్రక్చరల్ ఇంజినీరు లేకుండా దాని జోలికి పోవద్దు. మొదటి ప్రయత్నానికి నీడ ఉన్న జాగానే వెతుక్కోవడం మంచిది.

బరువు లెక్క

ఈ పనిలో ప్రాణాపాయం అన్నిటికంటే ఎక్కువ ఉన్న భాగం ఇదే, కాబట్టి నిదానంగా చేయండి.

గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 0.6 × వేగం × వేగం న్యూటన్లు. ఇందులో వేగం సెకనుకు మీటర్లలో ఉండాలి. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. సెకనుకు 20 మీటర్ల గాలికి (గంటకు 72 కి.మీ.) ఒత్తిడి 240 న్యూటన్లు. విడిగా నిలబడిన పలకకు దాన్ని 1.3తో గుణించాలి. మన పలక వైశాల్యం 2.88 చదరపు మీటర్లు, కాబట్టి మొత్తం తోపు దాదాపు 900 న్యూటన్లు. ఒక పెద్దమనిషి బరువంత బలం పలకను పక్కకు నెడుతుందన్నమాట.

పలక నేల నుంచి 0.9 మీటర్ల దగ్గర మొదలై 2.1 దగ్గర ముగుస్తుంది. దాని మధ్యబిందువు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పడదోసే ప్రభావం, అంటే తోపును ఆ ఎత్తుతో గుణిస్తే, 900 × 1.5 = 1,350 న్యూటన్ మీటర్లు. దానికి భద్రత కోసం ఒకటిన్నర రెట్లు వేస్తే సుమారు 2,025. యూనిట్ అడుగుభాగం వెడల్పు ఒక మీటరు, అంటే బరువుకు దొరికే చేయి (మధ్య నుంచి అంచుకు దూరం) అర మీటరు. 2,025ను 0.5తో భాగిస్తే 4,050 న్యూటన్లు, సుమారు 412 కిలోలు.

జారడం వేరుగా చూడాలి. నేలకూ యూనిట్‌కూ మధ్య రాపిడి గుణకం 0.4 అనుకుంటే 900 × 1.5 ÷ 0.4 = 3,375 న్యూటన్లు, సుమారు 340 కిలోలు. రెండింటిలో ఎక్కువ ఉన్నదాన్ని తీసుకోండి. ఇక్కడ 412. నాలుగు బెంచీల్లో ఒక్కోదానిలో 25 కిలోల ఇసుక బస్తాలు అయిదు వేస్తే మొత్తం 500 కిలోలు. పైపులు, పెట్టెల బరువు లెక్కలోకి తీసుకోలేదు, అది అదనపు భద్రత.

పలక ఎత్తు పెంచినా, అడుగు వెడల్పు తగ్గించినా ఈ అంకెలన్నీ మారిపోతాయి. మళ్లీ లెక్క వేయండి. ఫ్లైఓవరు కింద, రెండు భవనాల మధ్య సందులో గాలి ఇరుకై వేగం పెరుగుతుంది. మీ ప్రాంతంలో ఎంత గాలివేగం పట్టుకోవాలో ఇంజినీరు చేత సంతకంతో రాయించుకోండి. ఫ్లెక్సీ బ్యానరుకు అర్ధచంద్రాకారపు కోతలు పెడితే గాలి పోతుందనే నమ్మకం బాగా పాతుకుపోయింది. వాటివల్ల తోపు పెద్దగా తగ్గదు, పైగా అక్కడినుంచే గుడ్డ చిరుగుతుంది.

నేల దగ్గర బరువు పెట్టి పలకను నిలబెట్టడం కొత్త ఆలోచన కాదు. బ్రెజిల్‌లోని సావో పాలో ఆర్ట్ మ్యూజియంలో 1968లో ఆర్కిటెక్ట్ లీనా బో బార్డి చిత్రాలను గోడలకు తగిలించలేదు. ఒక్కో గాజుపలకను ఒక్కో కాంక్రీటు దిమ్మలో నిలబెట్టి, బొమ్మను ముందు, వివరాన్ని వెనక పెట్టింది. చూసేవాళ్లు బొమ్మల మధ్య తిరుగుతారు. అదే భవనం కింద 74 మీటర్ల పొడవున స్తంభాలు లేని నేలను నగరానికి వదిలేసింది. మన యూనిట్‌లో దిమ్మ స్థానంలో బెంచీ ఉంది.

ఒక యూనిట్‌కు కావలసినవి

పరంజా పైపు, బయటి వ్యాసం 48.3 మి.మీ., మందం 3.2 మి.మీ. ఆరు మీటర్ల పైపులు నాలుగు తెచ్చుకోండి. కోతలు ఇలా:

మొదటి పైపు: 1 మీటరు చొప్పున ఆరు అడుగుపైపులు. రంపం కోతకు కొన్ని మిల్లీమీటర్లు పోతాయి, ఫరవాలేదు.
రెండో పైపు: 3.3 మీటర్లది ఒకటి (నడుమ పైపు), 2.6 మీటర్లది ఒకటి (అడ్డపైపు).
మూడో పైపు: 2.25 మీటర్ల నిలువులు రెండు, 90 సెం.మీ.ది ఒకటి (బిగింపు పైపు).
నాలుగో పైపు: 2.6 మీటర్లది ఒకటి (రెండో అడ్డపైపు), 90 సెం.మీ.ది ఒకటి (రెండో బిగింపు పైపు).

మొత్తం దాదాపు 21 మీటర్లు, సుమారు 75 కిలోలు. లంబకోణపు క్లాంపులు (రెండు పైపులను అడ్డంగా కలిపి పట్టే బిగింపులు) 14, పైపు మూతలు 24, నిలువుల కింద బేస్ ప్లేట్లు 2.

బెంచీలకు 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ షీట్లు నాలుగు, పెట్టెకో షీటు. ఒక్కో పెట్టె 120 సెం.మీ. పొడవు, 45 లోతు, 40 ఎత్తు. అడుగుపైపుల మీద కూర్చున్నాక సీటు 45 సెం.మీ. ఎత్తుకు వస్తుంది. పెట్టె అడుగున 10 మి.మీ. రంధ్రాలు నాలుగు వేయండి, లేకపోతే నీళ్లు నిలిచి ఏడాది తిరగకముందే అడుగు పుచ్చిపోతుంది. ప్లైవుడ్ ముఖానికి రంగు ఒక పూత తగ్గినా నిలుస్తుంది గానీ అంచులకు మాత్రం రెండు పూతలు తప్పనిసరి. తేమ తాగేది అంచే. సీటు ముందు అంచును గుండ్రంగా చిత్రిక పట్టండి.

ఇసుకను విడిగా పోయకండి, బస్తాల్లోనే ఉంచండి. విడి ఇసుక పక్కపలకలను బయటికి తోస్తుంది, తర్వాత తీయడమూ నరకం.

పలకకు 12 మి.మీ. ప్లైవుడ్ ఒకటి, దాదాపు 20 కిలోలు. పైపుకు పట్టే యూ బోల్టులు 8, వెడల్పు వాషర్లు, తిరిగి వదులుకాని నైలాన్ నట్లు. అల్యూమినియం కాంపోజిట్ పలక వాడితే రంధ్రాలను బోల్టు కంటే 3 మి.మీ. పెద్దగా చేయండి. ఎండకు అది 2.4 మీటర్ల పొడవులో రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. చోటివ్వకపోతే మధ్యలో ఉబ్బుతుంది.

బిగింపు క్రమం

1. సుద్దతో నడుమ గీత గీసి, దాని మధ్యబిందువు గుర్తించండి. ఆ బిందువు నుంచి రెండు వైపులా 60, 120, 150 సెం.మీ. దగ్గర అడుగుపైపులు అడ్డంగా పరచండి. ఎగుడుదిగుళ్లు ఉంటే పైపు కింద రబ్బరు ముక్కలు పెట్టి రసమట్టంతో సరిచూడండి. తారునేల ఎండకు మెత్తబడుతుంది. అలాంటి చోట బేస్ ప్లేట్ల కింద అడుగు చదరపు చెక్కలు వేయండి.

2. వాటి మీద 3.3 మీటర్ల నడుమ పైపును పెట్టి ఆరు క్లాంపులు బిగించండి. మధ్యలో 90 సెం.మీ. మేర ఇది బయటికి కనిపిస్తుంది, అది కావాలనే. చేతికర్రతో నడిచే చూపులేని మనిషికి, పైన పలక ఉందని ఈ పైపు తగిలి తెలుస్తుంది. నేల నుంచి 70 సెం.మీ. పైన మొదలై ముందుకు పొడుచుకొచ్చే ఏ వస్తువూ కర్రకు తగలదు, నేరుగా ఒంటికి తగులుతుంది.

3. 120 దగ్గరి అడుగుపైపులకు నిలువులను బిగించండి. తూకం గుండు వేలాడదీసి నిలువు చూడండి. ఇప్పుడు ఒకరు పట్టుకునే ఉండాలి.

4. పెట్టెలను నడుమ పైపుకు రెండు వైపులా, మధ్యన 90 సెం.మీ. ఖాళీ వదిలి కూర్చోబెట్టండి. ఎదురెదురు పెట్టెల మధ్య 10 సెం.మీ. సందులో నిలువు వస్తుంది. 40 సెం.మీ. ఎత్తున బిగింపు పైపును రెండు పెట్టెల వెనకపలకల రంధ్రాల గుండా దూర్చి నిలువుకు క్లాంపు వేయండి. నిలువు కిందా, బెంచీ పైఅంచు దగ్గరా రెండు చోట్ల పట్టు దొరికితేనే ఊగదు. ఒక్క కింది క్లాంపును నమ్ముకుంటే గాలికి పైపు క్లాంపులోనే తిరుగుతుంది.

5. పెట్టెలను అడుగుపైపులకు బోల్టులతో కట్టి, బస్తాలు వేసి, సీటు మూయండి. సీటును స్క్రూలతో బిగించాలి. వట్టినే మూస్తే వారంలో బస్తాలు మాయమవుతాయి, బరువు పోయిన సంగతి గాలి వీచేదాకా ఎవరికీ తెలియదు.

6. ఇప్పుడే అడ్డపైపులు, నేల నుంచి 95 సెం.మీ. ఎత్తున ఒకటి, 205 సెం.మీ. ఎత్తున ఒకటి. వాటికి పలక. బస్తాలు పడకముందు పలక ఎక్కించకండి.

క్లాంపు నట్టును 50 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి, అంటే 25 సెం.మీ. పానా చివర 20 కిలోల బలం. పానాకు గొట్టం తొడిగి లాగేవాళ్లుంటారు. అలా చేస్తే బోల్టు మర సాగిపోతుంది, చూడటానికి బిగువుగా ఉన్నా పట్టు పోతుంది. మొదటి రోజు గడిచాక అన్నింటినీ మరోసారి చూడండి.

తెరిచేముందు పిల్లల కళ్లతో ఒక చుట్టు తిరగండి. 9 నుంచి 23 సెం.మీ. మధ్య ఉన్న ప్రతి సందూ ప్రమాదమే. శరీరం దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. పెట్టెల మధ్య 10 సెం.మీ. సందును అందుకే చెక్కపట్టీతో మూయండి. పైపు కొసలన్నిటికీ మూతలు పెట్టండి.

పలక మీద ఏది ఎక్కడ

మధ్యలో వదిలిన 90 సెం.మీ. ఖాళీ చదవడానికి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు అక్కడికి నేరుగా రాగలరు. వాళ్ల కంటి ఎత్తు సుమారు 110 నుంచి 125 సెం.మీ., నిలబడ్డవాళ్లది 150 అటూ ఇటూ. కాబట్టి రాసిందంతా 100 నుంచి 160 సెం.మీ. మధ్యే ఉండాలి. బెంచీల పైన రెండు పక్కలా బొమ్మలు. కూర్చున్న మనిషి తల 130 దాకా వస్తుంది, కాబట్టి బొమ్మలో ముఖ్యమైన భాగం అంతకు పైన ఉండేలా చూడండి. 90 నుంచి 130 వరకు ఒట్టి రంగు చాలు. అక్కడ వీపులూ తలనూనే రోజూ రుద్దుకుంటాయి, తుడవడానికి వీలైన మ్యాట్ లామినేషన్ వేయించండి. పలక కింది అంచుకు గుండ్రటి చెక్కపట్టీ దిగ్గొట్టండి, ఆనుకున్నవాళ్ల వీపుకు కోసుకోకుండా. వెనకవైపు అడ్డపైపులు కనిపిస్తాయి, అటు బొమ్మను 100 నుంచి 200 మధ్య సర్దండి.

అక్షరం ఎత్తుకు తేలిక లెక్క: చదివే దూరంలో రెండువందలో వంతు. మీటరు దూరానికి 5 మి.మీ., ఆరు మీటర్ల నుంచి కనబడాల్సిన శీర్షికకు 30 మి.మీ. ఇది వత్తులు, గుడులు కలపకుండా అసలు అక్షరం ఎత్తు. బయట వెలుతురు మారుతుంటుంది కాబట్టి వివరానికి 6 లేదా 7 మి.మీ. పెట్టుకోండి. తెలుగు లిపికి వరుసల మధ్య అక్షరం ఎత్తుకు సరిపడా జాగా ఇవ్వకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ఒక పలకకు 120 మాటలు దాటించకండి. నిలబడి అంతకు మించి చదివేవాళ్లు చాలా తక్కువ.

మెరిసే లామినేషన్ వద్దు, పగలు అద్దంలా అయిపోతుంది. మామూలు డై ఇంకు ప్రింటు నేరుగా ఎండ పడే చోట త్వరగా వెలుస్తుంది. యూవీ లేదా ఎకో సాల్వెంట్ ప్రింటు అడగండి.

రాత్రికి 10 వాట్ల ఎల్ఈడీ దీపాలు నాలుగు, 12 వోల్టులవే. పలకకు 30 డిగ్రీల కోణంలో పైనుంచి పడితే కంటికి కొట్టదు. అయిదు గంటలకు 200 వాట్ అవర్లు. లిథియం బ్యాటరీ 20 ఆంపియర్ అవర్లది సరిపోతుంది. లెడ్ యాసిడ్ అయితే సగమే వాడాలి, కాబట్టి 40ది కావాలి. బ్యాటరీని బెంచీ పెట్టెలో, నీళ్లు తగలని ఎత్తులో పెట్టి గాలి ఆడే రంధ్రాలు ఇవ్వండి.

తెరిచాక

బడ్జెట్‌లో నాలుగో వంతు ఖర్చు పెట్టకుండా తెరవండి. మీరు అనుకోని వాడకాలు మొదటి వారంలోనే బయటపడతాయి. పిల్లలు నడుమ పైపు మీద నడుస్తారు, ఎవరో బెంచీ మీద టిఫిను డబ్బా విప్పుతారు, అడ్డపైపుకు సంచి తగిలిస్తారు. వాటిని ఆపకండి, వాటికి సాయం చేయండి: నాలుగు కొక్కేలు, ఒక చెత్తడబ్బా, ఇంకో రెండు కుర్చీలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1947 నుంచి ఆర్కిటెక్ట్ ఆల్డో వాన్ ఐక్ మిగులు జాగాల్లో 700కు పైగా ఆటస్థలాలు చేశాడు. ఇసుకగుంత, ఇనుపకమ్మీలు, కాంక్రీటు దిమ్మలు, అంతే. వాటితో ఎలా ఆడాలో ఆ వస్తువులు చెప్పవు, అందుకే పిల్లలు రకరకాలుగా ఆడారు. మీ బెంచీ మధ్యలో పడుకోకుండా ఇనుపచేయి బిగించమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. మనుషులను తరిమే వస్తువు పెట్టాక ఆ చోటును అందరిదీ అని పిలవలేం.

రోజూ చూడాల్సినవి మూడే: పైపు మూతలు, సీటు స్క్రూలు, యూ బోల్టులు. వాతావరణ సూచనలో ఈదురుగాలులు సెకనుకు 15 మీటర్లు (గంటకు 54 కి.మీ.) దాటతాయని ఉంటే పలకను దించేయండి. ఎనిమిది బోల్టులు, ఇద్దరు మనుషులు, పది నిమిషాలు. దించిన పలకను బెంచీకి ఆనించకండి, నేలమీద పడుకోబెట్టి పైన బస్తాలు వేయండి. ఈ పని ఎవరిదో, వాళ్లు లేకపోతే ఇంకెవరిదో ముందే పేరు రాసి పెట్టుకోండి.

విప్పేటప్పుడు ముందు పలక, తర్వాత అడ్డపైపులు, ఆ తర్వాతే బస్తాలు. ప్రమాదాలు ఎక్కువ జరిగేది చివరి రోజు సాయంత్రం, తొందరలో బరువైన బస్తాలు ముందు మోసేద్దామనుకున్నప్పుడు. పలక ఇంకా పైనే ఉంటుంది, అడుగున బరువు ఉండదు. బస్తాలు తీశాక నిలువును ఒకరు పట్టుకోవాలి. ప్రతి పైపు కొసకూ కోత పొడవును బట్టి ఒక రంగు వేసి పెట్టుకుంటే, ఇంకో జాగాలో మళ్లీ కట్టేటప్పుడు టేపు తీయనక్కర్లేదు. క్లాంపు మరలకు నూనె రాసి, పొడి డబ్బాలో దాచండి.